పోపుల డబ్బాలో జపాను బువ్వ

మా పాప బడి నుంచి తెచ్చిన అన్నం డబ్బా మూత తీయకముందే నాకు సంగతి తెలిసిపోయేది. పొద్దున ఎంత బరువుతో పోయిందో సాయంత్రం అంతే బరువుతో వచ్చేది. రోజంతా బడిలో కూర్చుని చదువుకుని వచ్చింది మా పప్పన్నమేనేమో అనిపించేది.

పాపకు ఐదేళ్లు. కామెర్లు వచ్చి తగ్గి, మళ్లీ బడికి పోవడం అప్పుడే మొదలైంది. చేతులు పుల్లల్లా అయ్యాయి. వనపర్తిలో డాక్టరమ్మ దాన్ని కాంటా మీద నిలబెట్టి, ముల్లు వంక చూసి, నా వంక చూసింది. ఆ చూపుకు నేనే బరువు తగ్గాను.

"మధ్యాహ్నం కడుపునిండ తినాలమ్మా. ప్లేటుల నాలుగు రంగులు కనిపించాలె. ఆకుకూర, క్యారెట్, గుడ్డు, అన్నీ. వచ్చే నెలకు గూడ గిదే బరువుంటే మాత్రం చేర్చుకుని సెలైన్ పెట్టుడే" అంది.

సెలైన్ అంటే ఏమిటో కామెర్లప్పుడే చూసింది కాబట్టి, మా పాప నా కొంగులో ముఖం దాచుకుని మా ఊరికి పోయే ఆత్మకూరు బస్సు ఎక్కేదాకా బయటికి తీయలేదు.

కాబట్టి నాకు నెల రోజుల గడువు. మా ఆయన వరికోత మిషన్ నడుపుతాడు, కోతల కాలంలో ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. ఫోన్ చేస్తే "నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అంటాడు. ఇంట్లో ఉన్నది నేను, మా అత్తమ్మ, నా కుట్టుమిషన్. నేను పదో తరగతి లెక్కల పరీక్ష దగ్గర ఆగిపోయినదాన్ని. పుస్తకాల్లో వెతకడం నా వల్ల కాదు. కాబట్టి ఫోన్‌లో వెతికాను.

అక్కడ దొరికింది ఒక జపాను ఆమె. వీడియోల్లో ఒక్క మాటా మాట్లాడదు. పొద్దున్నే లేచి, జాకెట్ మెడ గల్లా కత్తిరించినంత శ్రద్ధగా క్యారెట్‌ను పువ్వులా కోస్తుంది. అన్నంతో కుందేలు చేస్తుంది. గుడ్డుకు కళ్లు పెడుతుంది. అన్నీ చిన్న చిన్న గదులున్న డబ్బాలో సర్ది, గుడ్డలో ముడి వేసి పిల్లకు ఇస్తుంది. డబ్బా పేరు బెంటో. వాళ్ల పిల్ల ఖాళీ డబ్బా తెస్తుంది. ఆ ఖాళీ డబ్బాను చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కొందరు సినిమాల్లో ఏడుస్తారు, నేను ఖాళీ డబ్బాకు ఏడ్చాను.

మరుసటి రోజు నుంచి జపాను మా వంటింట్లోకి వచ్చింది. రావడం రావడమే అడ్డంకులు.

మొదటిది బియ్యం. బొమ్మ నిలబడాలంటే అన్నం అతుక్కోవాలి. మా అన్నం మెతుకుకు మెతుకు విడిపోతుంది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే రేషన్ షాపులో దొడ్డుబియ్యం పోయి సన్నబియ్యం వచ్చాయి. ఊరంతా సంచులు పట్టుకుని సంబరంగా లైనులో నిలబడితే, నేనొక్కదాన్ని ఇల్లిల్లూ తిరిగి "అక్కా, పాత దొడ్డుబియ్యం ఉన్నయా?" అని అడిగాను. చివరికి మా వెనకింటి ఆమె దగ్గర దొరికాయి. "కోళ్లకని ఉంచిన. నువ్వూ కోళ్లను సాదుతున్నవా?" అంది. కుందేళ్లను చేస్తున్నానని చెప్పలేదు.

రెండోది నాచు. ఆ జపాను ఆమె నల్లటి కాగితంలాంటి సముద్రపు నాచును కత్తిరించి కళ్లు, మీసాలు పెడుతుంది. మా కిరాణా కొట్టాయనను అడిగితే, "నాచా? చెరువు కాడ ఎంతంటే గంత. జనం తీసి పారేస్తుండ్రు, నువ్వు కొంటనంటవేంది!" అన్నాడు. కాబట్టి మా కుందేలుకు లవంగాలే కళ్లు.

మూడోది డబ్బా. గదులున్న డబ్బా మా ఇంట్లో ఒకటే ఉంది. అత్తమ్మ పోపుల డబ్బా. గుండ్రటి స్టీలు డబ్బా, లోపల ఏడు చిన్న గిన్నెలు. ఆవాలు, జీలకర్ర, మెంతులు అన్నీ పాల కవర్లలోకి మార్చి ముడులు వేశాను. మూడుసార్లు తోమినా మెంతుల వాసన పోలేదు. ఇక ఆ వాసన కూడా జపానుదే అనుకున్నాను.

అత్తమ్మ పోపు వేయడానికి వచ్చి అల్మారా ముందు నిలబడిపోయింది.

"నా పోపుల డబ్బ ఏదే?"

"పాపకు బువ్వ పెడుతున్న అత్తమ్మా."

"పోపుల డబ్బలనా? మరి ఆవాలు?"

"గా కవర్ల ఉన్నయి."

అత్తమ్మ కవరు విప్పింది. అది మెంతులది. ఇంకోటి విప్పింది. అదీ మెంతులదే. ఆ రోజు మా చారులో ఏ పోపు పడిందో ఇప్పటికీ తేలలేదు. నేను అన్నాన్ని గిన్నెలో నొక్కి, చెవులు పెట్టి, లవంగాలు గుచ్చుతుంటే వెనక నిలబడి చూసింది.

"గుడ్డల మూట గట్టుడు జపానోళ్లు నేర్పిండ్రా నీకు? నేను చేన్లకు పోయినన్ని దినాలు గట్లనే కట్టుకపోయిన. రొట్టె, కారం, ఉల్లిగడ్డ. నన్నెవ్వరు ఫోన్ల తియ్యలే."

కుందేలు బడికి పోయింది. సాయంత్రం అలాగే తిరిగొచ్చింది. ఒక చెవి మాత్రం కొంచెం వాలింది.

"ఎందుకు తినలేదమ్మా?"

పాప కాసేపు ఆలోచించింది. "కుందేలుకు నొప్పయితది."

సరే, జాలిగుండె పిల్ల అనుకుని మురిసిపోయాను. మరుసటి రోజు ప్రాణం లేనిది చేద్దామని పడవ చేశాను. దోసకాయ పడవ, పాలకూర జెండా. పడవ కూడా వెనక్కి వచ్చింది. "నేను తింటే మునుగుతది" అంది పాప. ఆ తరువాత బస్సు చేశాను, వనపర్తి బస్సే, క్యారెట్ చక్రాలతో. అదీ ఎక్కడా ఆగకుండా పోయి అలాగే తిరిగొచ్చింది. ప్రతిరోజూ ఒక కారణం. నేనేమో ఆ కారణాలు విని, తరువాతి బొమ్మ ఇంకా బాగా చేయాలని జాకెట్లు పక్కన పెట్టి క్యారెట్లు కత్తిరించేదాన్ని. అంచులకు జిగ్‌జాగ్ కత్తెర కూడా వాడాను. ఆ కత్తెరతో గుడ్డ తప్ప ఏది కోసినా చెయ్యి విరుస్తానని మా ఆయనను ఎన్నోసార్లు బెదిరించినదాన్ని నేనే.

తిరిగొచ్చిన కుందేళ్లను, పడవలను, బస్సులను అత్తమ్మ తినేది. పారేయడం ఆమెకు ఇష్టం లేదు. "ఉత్త సప్పగున్నది" అంటూనే పూర్తి చేసేది. రెండు వారాలు తిరిగేసరికి నాలుగు రంగుల భోజనంతో మా ఇంట్లో ఒళ్లు చేసింది ఆమె ఒక్కతే.

పాప మెడ కింది ఎముకలు మాత్రం అలాగే కనిపిస్తున్నాయి. గౌను కుట్టడానికి టేపు పెట్టి కొలిస్తే ఛాతీ దగ్గర పాత కొలతే. గడువులో సగం అయిపోయింది. రాత్రి పడుకునేటప్పుడు పాప అడిగేది, "అమ్మా, ఆ సూది ఈ చెయ్యికి పెడుతరా, గా చెయ్యికి పెడుతరా?" ఏ చేతికీ పెట్టరని చెప్పేదాన్ని. చెప్పి, గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

అప్పుడు నాకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. బొమ్మలైతే జాలిపడుతోంది. కాబట్టి కళ్లు, చెవులు వద్దు. ఉత్త రంగులే చేస్తే సరి. ఆ జపాను ఆమె కూడా ఒక వీడియోలో రంగురంగుల అన్నం బంతులు చేసింది. పొద్దున్నే లేచి మూడు బంతులు చుట్టాను. ఒకటి పసుపు వేసి పచ్చగా. ఒకటి బీట్‌రూట్ రసంతో ఎర్రగా. ఒకటి నల్ల నువ్వుల పొడి అద్ది నల్లగా. పక్కన ఉడికించిన గుడ్డు, పెంకు తీయకుండా, తాజాగా ఉంటుందని. క్యారెట్ మీద పిండుకోవడానికి సగం నిమ్మకాయ. చుట్టూ అలంకారానికి కరివేపాకు రెమ్మ. ఇంత అందమైనది నా చేత్తో ఎప్పుడూ చేయలేదు, పెళ్లి జాకెట్లతో సహా.

అత్తమ్మ ఆ ముందురోజే అమరచింతలో వాళ్ల అక్క దగ్గరికి పోయింది. ఉంటే కథ వేరే ఉండేది.

పాప డబ్బాలోకి తొంగి చూసింది.

"అమ్మా, ఇది తినొచ్చా?"

"తినడానికే గదా చేసింది! జర పక్కకు జరుగు, నీడ పడుతుంది" అన్నాను. నేను అప్పుడు ఫోటో తీస్తున్నాను.

ఫోటో స్టేటస్‌లో పెట్టాను. కొందరు గుండె బొమ్మలు పంపారు. పెద్దమందడిలో ఉండే మా పిన్ని మాత్రం "ఎవరికి పాణం బాగలేదు?" అని అడిగింది. ఎంత ప్రేమ ఉన్న మనిషి, ఊరికే కుశలం అడుగుతుంది అనుకుని "అందరం మంచిగున్నం పిన్నీ" అని రాశాను.

మధ్యాహ్నం మూడున్నరకు మా వాడ పిల్లలను వెంటబెట్టుకుని బడి ఆయమ్మ వచ్చింది. నడివయసు మనిషి, గొంతు పెద్దది, మనసు ఎలాంటిదో అప్పటికి నాకు తెలియదు. పాప చేతిలో డబ్బా లేదు. డబ్బా కట్టిన గుడ్డ కూడా లేదు.

"డబ్బ ఏది ఆయమ్మా?"

ఆయమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వు మంచిదానివి అనుకుంటి సెల్లె. పసిపిల్ల చేతుల పెట్టి తోలుతరా ఎవరన్న గట్లాంటివి? గదీ అమాస నాడు!"

"ఏం తోలిన?"

"ఎర్ర ముద్ద, పచ్చ ముద్ద, నల్ల ముద్ద. గుడ్డు. నిమ్మకాయ. ఆకు గూడ బెట్టినవ్. ఇగ నల్లదారమొక్కటే తక్కువ. ఎవరికి తీసిన దిష్టి గది?"

నాకు అప్పటికి గాని కళ్లు తెరుచుకోలేదు. కామెర్లప్పుడు మా అత్తమ్మ సరిగ్గా అవే మూడు ముద్దలు చేసి, గుడ్డు, నిమ్మకాయ పెట్టి, పాప చుట్టూ మూడుసార్లు తిప్పి పారేసింది. పక్కన పళ్లెం పట్టుకుని నిలబడింది నేనే. పాప గుర్తుపట్టింది, అడిగింది కూడా. పెద్దమందడి పిన్ని ఫోన్‌లోనే గుర్తుపట్టింది. ఆత్మకూరులో ఆ రోజు దిష్టి ముద్దను దిష్టి ముద్ద అని తెలుసుకోలేని మనిషిని నేనొక్కదాన్నే. నేను జపానులో ఉన్నాను.

"అది బెంటో ఆయమ్మా! బువ్వ! నువ్వుల పొడి, బీట్‌రూట్..."

"ఏదో ఒకటి. పోరగాళ్లందరు మొత్తుకుని లేసిండ్రు. నేను యాపమండతోని పట్టుకపోయి మూడుబాటల కాడ పెట్టొచ్చిన. వచ్చి అందరి కాళ్లు కడిగిన. నా నడుములు పోయినయి."

"డబ్బతో సహానా?"

"మరి చేత్తోని తియ్యాల్నా?"

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. అత్తమ్మ సాయంత్రం బస్సుకు వస్తుంది. ఆ డబ్బా ఆమె పుట్టింటివాళ్లు పెట్టింది. మూడు దారులు కలిసే చోట, నడి రోడ్డు మీద, పోపుల డబ్బా తళతళ మెరుస్తోంది. కొత్త చెప్పులు గుమ్మం బయట విడిస్తే మాయమయ్యే ఊరిలో, స్టీలు డబ్బా మూడు గంటలు రోడ్డు మీద ఉన్నా ఎవరూ ముట్టలేదు. బండ్లు, ఆటోలు వంగి వంగి దాని చుట్టూ తిరిగి పోతున్నాయి. ఒక కుక్క మాత్రం ప్రశాంతంగా కూర్చుని గుడ్డు తింటోంది. మొత్తానికి నా వంట మెచ్చిన మొదటి ప్రాణి అది.

నేను వంగేసరికి సైకిలు మీద పోతున్న ఒక ముసలాయన ఆగాడు.

"ముట్టకు బిడ్డా! ముట్టకు!"

"నాదే తాతా."

"నీదైతే అసలే ముట్టకు!"

డబ్బా తెచ్చి, తోమి, ఆవాలు నింపి, అల్మారాలో పెట్టాను. అత్తమ్మ వచ్చి పోపు వేసుకుంది. ఆమెకు ఈ సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఇది చదివితే తప్ప తెలియదు. ఆమె చదవదు.

మరుసటి రోజు మామూలు డబ్బాలో అన్నంతో చేప చేసి, పొలుసులకు కీరదోస ముక్కలు పేర్చి, నేనే మధ్యాహ్నం బడికి తీసుకుపోయాను. ఆయమ్మను నాలుగు మాటలు అడిగి తేల్చుకోవాలి. దారిలో ఆ నాలుగు మాటలను నలభై చేసుకున్నాను. నా పిల్ల అన్నం పారేయడానికి నువ్వెవరు, నీ వల్ల పిల్లలు దాన్ని దూరం పెడితే ఎవరు జవాబు చెప్తారు, ఇలా.

గేటు దగ్గరే ఆగిపోయాను. వరండాలో పిల్లలు రెండు వరుసల్లో కూర్చుని తింటున్నారు. మోకాళ్లు మోకాళ్లకు తగులుతున్నాయి. ఒకరి డబ్బాలో ఒకరి చెయ్యి. చివర నల్లా దగ్గర మా పాప. దానికి, పక్క పిల్లకు మధ్య ఇంకో నలుగురు కూర్చునేంత ఖాళీ.

"చూసినవా ఆయమ్మా, నువ్వు చేసిన పని? నిన్నటి సంది నా బిడ్డ పక్కన ఎవ్వరు కూసుంటలేరు!"

ఆయమ్మ నా మీద అరుస్తుందనుకున్నాను. కానీ గొంతు తగ్గించింది.

"నిన్నటి సంది గాదు సెల్లె. కామెర్లు తగ్గి వచ్చినకాడి నుంచి గంతే. అంటుకుంటయని ఇండ్లల్ల చెప్పి తోలుతుండ్రు. పొల్ల రోజు మూత తీస్తది, చూస్తది, మూస్తది. గంట కొట్టేదాక గట్లనే కూసుంటది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వెన్నడన్న అడిగినవా? తిన్నదా అని అడుగుతవ్. తినలే అంటే మొఖం ముడుచుకుని పోతవ్. నేనేం చెప్పాలె?"

కుందేలుకు నొప్పి అవుతుందని, పడవ మునుగుతుందని మా పాప చెప్పిన కారణాలన్నీ ఒక్కొక్కటే నా ముందు నిలబడ్డాయి. ఐదేళ్ల పిల్ల, నేను బాధపడకుండా రోజుకో కథ తయారు చేసింది. నేను రోజుకో బొమ్మ తయారు చేశాను. ఇద్దరం బాగా కష్టపడ్డాం. అన్నం మాత్రం ఎవరూ తినలేదు. అక్కడికక్కడే కూర్చుని ఏడ్వాలనిపించింది కానీ నా చేతిలో చేప ఉంది.

"నేను పోయి పక్కన కూసుంట" అన్నాను.

"తల్లులు లోపలికి రావద్దు. పెద్దసారు కోపం జేస్తడు."

"అయితే నువ్వు కూసో."

"నేనా?"

"నువ్వే. దిష్టి అని అందరి ముందట పారేసినవు గదా. ఇగ అందరి ముందట తిని చూపియ్యి."

ఆయమ్మ డబ్బా మూత తీసి చేపను చూసింది. చేప ఆయమ్మను చూసింది. ఆమె ముఖంలో భయం కనిపించిందని చెప్పను కానీ, కొంగుతో నుదురు మాత్రం తుడుచుకుంది. తరువాత తన టిఫిన్ డబ్బా కూడా చంకలో పెట్టుకుని, పోయి, మా పాప పక్కన ఆ ఖాళీలో చతికిలబడింది. నలుగురి చోటు ఆమె ఒక్కతికే సరిపోయింది.

పిల్లలు చేతుల్లో ముద్దలు అలాగే పట్టుకుని చూస్తున్నారు. ఆయమ్మ చేప తోక తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఇప్పుడు రక్తం కక్కుతుందా, పడిపోతుందా అని అందరూ ఎదురుచూశారు. నిజం చెప్పాలంటే గేటు బయట నేను కూడా ఊపిరి బిగబట్టాను.

"ఉప్పు లేదు" అంది ఆయమ్మ.

తన డబ్బా తెరిచింది. జొన్నరొట్టె, వెల్లుల్లి దంచిన ఎల్లిగడ్డ కారం. రొట్టె తుంచి కారంలో అద్ది చేపతో కలిపి తినసాగింది. మా పాప కాసేపు ఆమె చెయ్యి వంకే చూసింది. మెల్లగా తన చెయ్యి చాపింది. ఆయమ్మ చిన్న రొట్టె ముక్క తుంచి, కారం దులిపి ఇచ్చింది. పాప తిన్నది. కళ్లలో నీళ్లు వచ్చాయి, ముక్కు కారింది, ఇంకో ముక్కకు చెయ్యి చాపింది.

పొద్దున లేచినప్పటి నుంచి నేను గీకి, తురిమి, నొక్కి, పేర్చిన చేపను అది తిరిగి చూడలేదు.

ఆ రోజు నుంచి ఆయమ్మ రోజూ పాప పక్కనే కూర్చుని తిన్నది. నాలుగో రోజుకు పక్క పిల్ల జరిగి వచ్చింది. ఆయమ్మకు భయపడి వచ్చిందో, చేప కోసం వచ్చిందో తెలియదు. తరువాత ఇంకొకతి. ఇళ్లలో తల్లులు ఏమన్నారో నాకు తెలియదు, వాళ్లలో ఇద్దరు ముగ్గురు నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే వాళ్లే, కాబట్టి అడగలేదు. కొలతలు తీసేటప్పుడు టేపు మాత్రం కొంచెం గట్టిగా లాగాను.

గడువు రోజు వచ్చింది. వనపర్తిలో పాపను కాంటా మీద నిలబెట్టారు. పాప రెండు చేతులూ వెనక దాచుకుంది. డాక్టరమ్మ ముల్లు చూసింది, పాత చీటీ చూసింది, కళ్లద్దాలు సర్దుకుంది.

"కిలో మీద పెరిగిందమ్మా! సెలైన్ గిలైన్ ఏం అక్కర లేదు. ఏం పెట్టినవు ఇంతకీ?"

నేను అప్పటికే ఫోన్ తీసి, కుందేలు, పడవ, వనపర్తి బస్సు వరసగా చూపించడానికి సిద్ధంగా ఉన్నాను. పాప చేతులు ముందుకు తెచ్చి గట్టిగా చెప్పింది.

"ఆయమ్మ రొట్టె! ఎల్లిగడ్డ కారం!"

డాక్టరమ్మ నా వంక చూసింది. మొదటి రోజు చూసిన చూపు కాదు కానీ దానికి చుట్టమే. నేను ఫోన్ సంచిలో పెట్టుకున్నాను. ఆమె చీటీ మీద రాసింది: కారం తగ్గించాలి.

మరుసటి రోజు గేటు దగ్గర ఆ చీటీ ఆయమ్మకు చదివి వినిపించాను. ఆయమ్మ చీటీని చూడలేదు, నా చేతిలోని డబ్బా మూత ఎత్తి చూసింది.

"ఇయ్యాల నెమలి చేసినవా? గింతే జేస్తే ఎట్ల సరిపోతది సెల్లె? మేము ఆరుగురం కూసుంటున్నం."